వస్తువు పేరు చెప్పకూడదు

టికెట్టు ఉన్నవాడు జేబులు తడుముకుంటాడు. లేనివాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు రైల్లో టీసీగా తిరిగి నేను సంపాదించుకున్న జ్ఞానం ఇంతే. రిటైరయ్యాక కూడా నాకు ఉద్యోగం ఇప్పించింది ఈ ఒక్క ముక్కే.

నా పేరు తోలేటి దివాకరం. ఊరు కాకినాడ. సామర్లకోట రోడ్డులో 'గడప' అనే ఆన్‌లైన్ దుకాణం వాళ్ళ గోడౌను ఉంది. దాని మేడ మీద రెండు గదుల్లో మా తమ్ముడి కూతురు శర్వాణి ఒక యంత్రాన్ని పెంచుతోంది. పెంచుతోంది అనే అనాలి. పిల్లకి బువ్వ తినిపించినట్టు రెండేళ్ళు దానికి జనం వేళ్ళ కదలికలు తినిపించింది. మొదటి ముద్ద నా వేళ్ళదే. ఫోను గాజు మీద వేలు ఎంత బరువుతో పడుతుంది, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంతసేపు ఆగుతుంది, తప్పు నొక్కితే ఎలా వెనక్కి వస్తుంది, ఇవన్నీ అది చూస్తుంది. మనిషి సంతకంలో ఎంత ఉంటుందో ఆ నొక్కుడులో కూడా అంతే ఉంటుందని శర్వాణి వాదన. అందుకే యంత్రానికి 'చేవ్రాలు' అని పేరు పెట్టింది.

దాని పని ఒకటే. సామాను అందుకున్నాక బ్యాంకుకు ఫోను చేసి "ఇది నేను కొనలేదు, నా డబ్బు నాకు ఇప్పించండి" అనేవాళ్ళను ముందే పసిగట్టడం. అలాంటి పాత కేసులు వేల సంఖ్యలో దానికి చూపించారు. ఇప్పుడు ఎవరైనా 'కొనుగోలు' నొక్కిన మరుక్షణం అది జోస్యం చెబుతుంది. మంచి చెయ్యి అయితే పచ్చదీపం. కాకపోతే ఎర్రదీపం, కింద ఒకే మాట: కాదంటారు.

ఎర్రదీపం వెలిగిన ఆర్డర్లు నా బల్ల మీదికి వస్తాయి. కొన్నవాడు నొక్కగానే డబ్బు మా చేతికి రాదు. బ్యాంకు దాన్ని పక్కన పెట్టి ఉంచుతుంది, అంతే. చార్టు తయారు కాని బెర్తులాంటిది. మేము 'వసూలు' అని నొక్కితేనే మాది అవుతుంది. ఏడు రోజుల్లో నొక్కకపోతే ఆ డబ్బు తిరిగి కొన్నవాడికే వెళ్ళిపోతుంది. ఈలోపల నేను ఫోను చేసి మనిషి నిజమో కాదో తేల్చాలి.

నాకు ఒక పద్ధతి ఉంది. వస్తువు పేరు చెప్పకూడదు. "ఇవాళ ఏం ఆర్డరు పెట్టారండీ?" అని మాత్రమే అడగాలి. కొన్నవాడు పేరు చెబుతాడు. రేపు కాదనబోయే దొంగ చెప్పడు. ఈ పద్ధతిని శర్వాణి రాసి గోడకు అంటించింది కూడా. నాకెంత గర్వమో.

ఆ గర్వంతోనే పోయిన నెలలో పిఠాపురంలో ఉండే సోమేశ్వరం మాస్టారికి ఫోను చేశాను. ఆయన అంతకుముందు ఒక మిక్సీ తెప్పించుకుని, నేను కొనలేదని బ్యాంకులో చెప్పి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ ఇంకో మిక్సీకి ఆర్డరు. మళ్ళీ ఎర్రదీపం.

"మాస్టారూ, ఇవాళ ఏం ఆర్డరు పెట్టారండీ?"

"నేనేం పెట్టలేదండీ," అన్నాడు వెంటనే.

చూశారా, జవాబు ఎంత సిద్ధంగా ఉందో!

"ముప్ఫై నాలుగేళ్ళు మీలాంటి పెద్దమనుషుల్ని రైల్లో చూశానండి నేను," అన్నాను. "పిల్లలకి పాఠాలు చెప్పిన నోటితో ఈ పనేంటండీ? సామాను ఇంట్లో పెట్టుకుని, కొనలేదంటారా?"

ఆయన మెల్లగా, "తప్పయితే క్షమించండి బాబూ," అన్నాడు. నేను ఆర్డరు రద్దు చేసి, డబ్బు వదిలేసి, టీ తాగడానికి వెళ్ళాను. టీ కూడా ఆరోజు రుచిగానే ఉంది.

సరే. అసలు సంగతికి వస్తాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీకి వెళ్ళి కూర్చోగానే మొదటి ఎర్రదీపం కింద చిరునామా చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. గాంధీనగరం, మా వీధి, మా ఇంటి నంబరు. కొన్నవారు: తోలేటి సుభాషిణి. అంటే మా ఆవిడ. వస్తువు, మోటారు ఉన్న చిన్న కుట్టుమిషను. వేళ, ఆ పొద్దున్న పదీ నలభై.

ఫోను ఆమెది, కార్డు ఆమె ఖాతాది. కరెంటు బిల్లు మొదలు గ్యాసు దాకా ఆ ఫోనులోంచే నేను కడతాను కాబట్టి అందులో నాకు తెలియకుండా ఏదీ జరగడానికి వీల్లేదు. అయినా జరిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చెప్పులు విప్పుతూనే మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఏమే, ఇవాళ ఏమైనా ఆర్డరు పెట్టావా?"

"లేదే," అంది తల ఎత్తకుండానే. "ఏం?"

"ఏం లేదు."

పద్ధతి పద్ధతే. పెళ్ళాం అయినంత మాత్రాన వస్తువు పేరు చెప్పేస్తానా? ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీసి చూశాను. దుకాణం పంపిన సందేశం అందులో ఉంది. ఎవరో తెరిచి చదివేసి ఉన్నారు కూడా. చదివింది, దాచింది, మొహం మీద లేదంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాదు, టీసీని. పడతాననుకున్నాను.

మర్నాడు శర్వాణిని అడిగాను. "మా ఇంటి ఆర్డరు ఒకటి ఆగి ఉంది. చూశావా?"

"చూశాను పెదనాన్నా," అంది. తన తెర మీద ఏదో గబుక్కున మూసేసింది. "దాన్ని ఉండనీ. నేను చూసుకుంటాలే."

"వసూలు చేస్తావా, రద్దు చేస్తావా?"

"చూస్తాను."

రెండేళ్ళలో ఏ ఆర్డరు గురించీ ఆ పిల్ల 'చూస్తాను' అనలేదు. పైగా ఆ వారం నా బల్ల మీదికి వచ్చే ఫోన్లు సగానికి తగ్గాయి. మిగతావి తనే చేసుకుంటోంది. నేను గదిలోకి రాగానే మాట మారుస్తోంది. ఒకసారి నా వెనక నిలబడి నేను అక్షరాలు నొక్కడం చూస్తోంది. నేను తిరిగి చూస్తే, "కాఫీ తాగుతావా పెదనాన్నా?" అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇక్కడ ఒక లెక్క వేశాను. పెద్దమ్మా కూతురూ కలిసి ఏదో నడుపుతున్నారు. యంత్రానికి పరీక్ష కోసం దొంగ ఆర్డరు పెట్టించిందా? లేక యంత్రం తప్పు చేస్తోందని తెలిసి కప్పిపుచ్చుతోందా? కంచే చేను మేస్తే చెప్పుకునే దిక్కెవరు?

గురువారానికి నా అనుమానం ఇంకో దారి పట్టింది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండింతలు పడింది. నోట్లో పెట్టుకోలేకపోయాను.

"ఉప్పు రెండుసార్లు వేశావు," అన్నాను.

"నేను ఒక్కసారే వేశానండీ. నేను పెరట్లో ఉండగా మీరొచ్చి ఇంకోసారి వేసుంటారు."

తన తప్పు పక్కవాడి మీదికి తోయడం నేరస్తుల పాత అలవాటు. కానీ ఆమె మొహంలో అబద్ధం లేదు. అప్పుడు తట్టింది నాకు. ఆమె అబద్ధం ఆడటం లేదు. మరిచిపోతోంది. కొన్నదీ గుర్తులేదు, సందేశం చదివిందీ గుర్తులేదు, ఉప్పు వేసిందీ గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం నేను డ్యూటీకి వెళ్ళలేదు. పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని ఏడ్చాను. పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళు. నేను రైలు దిగి ఏ వేళకు వచ్చినా వేడన్నం పెట్టిన మనిషి. ఆ మనిషి కళ్ళముందే చెరిగిపోతుంటే నేను ఎవరికి ఫిర్యాదు చేయను? మిషను పోతే పోయింది, ఆమె పోకుండా ఉంటే చాలు అనుకున్నాను. అది ఒక్కటే నాకు కావలసింది.

ప్రేమ ఉన్నా టీసీ బుద్ధి ఎక్కడికి పోతుంది? పరీక్షలు మొదలుపెట్టాను.

"నిన్న ఏం కూర వండావు?"

"బీరకాయ."

"మొన్న?"

ఆమె ఆలోచించింది. "మొన్న... దొండకాయ కదూ?"

తడుముకుంటే మరుపు, తడుముకోకపోతే అబద్ధం. ఎటు తిరిగినా ఆమెకు నా దగ్గర తప్పించుకునే దారి లేదు. ఒక చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టింది, మాత్ర ఎప్పుడు వేసుకుంది, ఒకే మాట రెండుసార్లు ఎప్పుడు అంది.

ఆదివారం ఆమెకు ఆ పుస్తకం దొరికింది. గుమ్మంలో నిలబడి పేజీలు తిప్పింది. కోపం వస్తే అరిచే మనిషి. అరవలేదు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేశాక నన్ను టికెట్టు అడుగుతున్నారా?" అంది. "నేనేం చేశానండీ? చెప్పి తిట్టండి. చెప్పకుండా చూడకండి అలా."

చెప్పలేకపోయాను. జబ్బు పేరు నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం వేసింది. ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం వడ్డించింది గాని, నా ఎదురుగా కూర్చోలేదు.

సోమవారం వచ్చింది. మర్నాడు పదీ నలభైకి గడువు. శర్వాణి ఇంకా ఆ ఆర్డరును వసూలూ చేయలేదు, రద్దూ చేయలేదు. మధ్యాహ్నం ఆమె గోడౌనులోకి దిగడం చూసి నేను ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. మూసిన ఫైలు తెరవడం నాకు ఆమె నేర్పిన పనే.

అందులో రెండు జాబితాలున్నాయి. ఒకదాని మీద 'కార్డు నంబరు దగ్గర ఆగేవారు' అని ఉంది. రెండోదాని మీద 'సొంత ఇంటి నంబరు దగ్గర ఆగేవారు' అని ఉంది. రెండోదాంట్లో పదకొండు పేర్లు. మూడో పేరు సోమేశ్వరం మాస్టారిది. చివరి వరుసలో మా చిరునామా.

"పెదనాన్నా." శర్వాణి గుమ్మంలో నిలబడి ఉంది.

"దొంగతనంగా చూశాను," అన్నాను. "కానీ నువ్వు దాచావు. ముందు నువ్వు చెప్పు."

ఆమె వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"కొనలేదని చెప్పేవాళ్ళు రెండు రకాలు పెదనాన్నా. ఆ సంగతి నాకు మూడు వారాల కిందటే తెలిసింది. మొదటి రకం దొంగలు. వాళ్ళది కాని కార్డు కాబట్టి అంకెలు చూసి చూసి కొడతారు. అక్కడ వేలు ఆగుతుంది. రెండో రకం వాళ్ళు కార్డు దగ్గర ఆగరు. సొంత ఇంటి నంబరు దగ్గర, పిన్‌కోడు దగ్గర ఆగుతారు. వాళ్ళు నిజంగానే కొంటారు. నిజంగానే మరిచిపోతారు. యంత్రానికి తేడా తెలియదు. ఇద్దరూ కాదంటారు, అంతే."

"మాస్టారు..."

"వాళ్ళమ్మాయితో మాట్లాడాను. డాక్టరుకు చూపించారట. మతిమరుపు జబ్బు, మొదటి దశ అన్నారట."

"అయితే మీ పెద్దమ్మకి కూడా..." అన్నాను. "నాకు తెలుసమ్మా. గురువారమే తెలిసింది. నువ్వు నాకు చెప్పలేక దాచావు, అంతేగా? ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో అది చెప్పు."

శర్వాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మంగళవారం పొద్దున పదిన్నరకి పెద్దమ్మ ఎక్కడుంటుంది?"

"పక్కింట్లో. లలితా పారాయణం."

"ఫోను తీసుకెళుతుందా?"

"ఛార్జింగుకి పెట్టి వెళుతుంది."

"ఇంట్లో ఎవరుంటారు?"

రైల్లో అయితే ఇంత సులువైన ప్రశ్న అన్నిటికంటే ముందు అడిగి ఉండేవాణ్ణి. ఆరు రోజుల్లో ఒక్కసారైనా ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు.

"నేను కొనలేదు," అన్నాను వెంటనే.

నా జవాబు సిద్ధంగా ఉంది. తడుముకోలేదు. ఆ మాట నా చెవికే వినిపించింది. ఒట్టు, అది అబద్ధం కాదు. ఎంత వెతికినా ఆ మంగళవారం పొద్దుట నా బుర్రలో కాఫీ ఉంది, పేపరు ఉంది, ఆ తర్వాత డ్యూటీ ఉంది. మధ్యలో కుట్టుమిషను లేదు.

"రెండేళ్ళ కిందట యంత్రానికి మొట్టమొదట నేర్పింది నీ చెయ్యే కదా," అంది శర్వాణి. "అది నిన్ను ఎక్కడున్నా గుర్తుపడుతుంది. నువ్వు మన ఇంటి నంబరు దగ్గర పదకొండు సెకన్లు ఆగావు పెదనాన్నా. నేను డాక్టర్ని కాను. ఇది జబ్బేనని చెప్పే హక్కు నాకు లేదు. అలసట కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చెబితే నిన్ను చంపినట్టు, చెప్పకపోతే మోసం చేసినట్టు. ఆరు రోజులుగా నాకు ఏ దారీ తోచలేదు."

గోడ మీద నా పద్ధతి అంటించి ఉంది. వస్తువు పేరు చెప్పకూడదు. మరిచిపోయినవాడు పేరు ఎక్కణ్ణుంచి తెచ్చి చెబుతాడు? ఆ పదకొండు మందిలో తొమ్మిది మందిని నేనే తిట్టాను. ఒకావిడను పోలీసులకు చెబుతానని కూడా అన్నాను. లేచి వెళ్ళి గోడ మీది కాగితం చింపి, నా బల్ల దగ్గర కూర్చుని పిఠాపురం నంబరు కలిపాను.

"మాస్టారూ, గడప దుకాణం నుంచి దివాకరాన్నండీ. పోయిన నెల మిమ్మల్ని మిక్సీ విషయంలో చాలా మాటలన్నాను. తప్పు నాదండీ. క్షమించమని అడగడానికి చేశాను."

"మీరు నన్ను మాటలన్నారా?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. "ఎప్పుడండీ? నాకు అలాంటిదేమీ గుర్తులేదే. మీరు ఎవరనుకుని చేశారో బాబూ. ఏం పర్లేదు."

ఫోను పెట్టేశాను. ఆయన నన్ను క్షమించలేదు. క్షమించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

శర్వాణిని పిలిచి చెప్పాను. "నేను ఇంటికి వెళుతున్నాను. అరగంట ఆగి పెద్దమ్మ ఫోనుకి చెయ్యి. వేరే ఎర్రదీపానికి ఎలా చేస్తామో అలాగే. మొహమాటపడకు."

"నేనే రద్దు చేసేస్తాను పెదనాన్నా. ఎవరికీ తెలియదు."

"తెలియకపోతే ఆవిడే దొంగగా మిగులుతుంది," అన్నాను.

ఆటోలో వెళుతున్నంతసేపూ భయమే. డాక్టరు ఏమంటాడోనని కాదు. ఇప్పటికీ దారి ఉంది. నాకు తెలియదంటే సరిపోతుంది. శర్వాణి నోరు మెదపదు. ఆ పుస్తకం నిండా సుభాషిణి తప్పులే ఉన్నాయి, నావి ఒక్కటీ లేదు. నేను తెలివైనవాడిగానే ఉండిపోవచ్చు. చిన్నప్పటి నుంచి నాకున్న ఆస్తల్లా ఆ పేరే. కానీ ఆ పేరు నిలబెట్టుకోవాలంటే ఆమెను మతిలేనిదాన్ని చెయ్యాలి.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె హాల్లో కూర్చుని పాత చీర అంచు చేత్తో కుడుతోంది. నన్ను చూసి కూడా మాట్లాడలేదు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఫోను మోగింది. ఆమె చూసి, "శర్వాణి," అని నాకు ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు. మీట నొక్కి, గొంతు బయటికి వినిపించేలా మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టాను.

"నమస్కారమండీ, గడప నుంచి," అంది శర్వాణి. "ఈ నంబరు నుంచి పోయిన మంగళవారం ఒక ఆర్డరు వచ్చింది. అది ఎవరు పెట్టారో చెబుతారా?"

సుభాషిణి నా వైపు చూసింది. ఆరు రోజుల ప్రశ్నలు ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. "నేను పెట్టలేదే అమ్మా," అంది గాభరాగా. "నేను నిజంగా..."

"నేను పెట్టానమ్మా," అన్నాను. "నాకు గుర్తులేదు. కానీ పెట్టింది నేనే. కుట్టుమిషను. మీ పెద్దమ్మ తప్పేం లేదు. డబ్బు వసూలు చేసుకో."

అవతల శర్వాణి ఏడుస్తోంది. సుభాషిణి చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

"కుట్టుమిషనా?" అంది.

"అట."

"ఆ మంగళవారానికి ముందు ఆదివారం నేనడిగిందేగా! పాతది తుప్పు పట్టిపోయింది, చేత్తో కుట్టలేక వేళ్ళు పోతున్నాయన్నాను. తెస్తాలే అన్నారు మీరు." ఆమె గొంతు పైకి లేచింది. "మొదటిరోజే కుట్టుమిషను అని ఒక్క మాట అంటే నేను చెప్పేదాన్ని కాదూ, మీరే కొని ఉంటారని? ఆరు రోజులు! ఆరు రోజులు నన్ను..."

ఆగిపోయింది. నేను గుర్తులేదన్న మాట అప్పుడు చేరినట్టుంది ఆమెకు. చీర పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది. కోపం అలాగే ఉంది, దాని వెనక భయం వచ్చి నిలబడింది.

"అసలు గుర్తులేదా?"

"లేదు."

"అడిగింది కూడా?"

"లేదే."

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. "శర్వాణీ, ఏడవకు. డబ్బు తీసేసుకుని మిషను పంపించెయ్. మంచి డాక్టరు ఎవరో కూడా కనుక్కుని రేపు పొద్దున్నే చెప్పు," అని పెట్టేసింది.

బల్ల మీదున్న నా పుస్తకం తీసి, రాసిన పేజీలన్నీ చింపి, మిగిలిన తెల్లకాగితాలతో నాకు ఇచ్చింది.

"ఇకనుంచి ఏదైనా గుర్తురాకపోతే నన్ను అడగండి," అంది. "తిన్నగా, పేరు పెట్టి అడగండి. నేను కూడా మిమ్మల్ని పరీక్ష పెట్టను. ఇది ఫలానా అని ముందే చెబుతాను."

నేను తల ఊపాను. ఆమె వంటింటి వైపు వెళుతూ గుమ్మంలో ఆగింది.

"ఇవాళ సోమవారం," అంది. "రాత్రికి బెండకాయ కూర. ఉప్పు నేను వేసేశాను."